పిల్లల్ని ఆరున్నర దాకా పడుకోనివ్వండి: నెల్లూరు రెసిడెన్షియల్ కాలేజీలకు బహిరంగ లేఖ

నెల్లూరులోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాల్స్‌కు, హాస్టల్ ఇన్‌చార్జులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీలో కొందరు నాతో కలిసి పేపర్లు దిద్దినవాళ్లు, ఇంకొందరు నా దగ్గరే చదువుకున్నవాళ్లు. కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. మీ హాస్టళ్లలో తెల్లవారుజామున నాలుగున్నరకు కొట్టే బెల్లును ఆరున్నరకు మార్చండి. రాత్రి స్టడీ అవర్‌ను పదింటికి ఆపి, పదిన్నరకు లైట్లు తీసేయండి.

ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖ ఎందుకంటారేమో. నేరుగా మీలో ఒకరిద్దరికి చెప్పి చూశాను. "నిజమే సార్, కానీ పక్క కాలేజీవాడు నాలుగింటికే లేపుతున్నాడు" అన్నారు. పక్క కాలేజీవాడూ అదే అన్నాడు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

పోయిన ఏడాది ఒక కాలేజీవాళ్లు రివిజన్‌కు రమ్మంటే వెళ్లాను. ఐదుంపావుకు క్లాసు. అంతఃస్రావ గ్రంథుల చాప్టర్. ముందు బెంచీలో ఒక అబ్బాయి కళ్ల కింద అమృతాంజనం పట్టించుకుని కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి, చొక్కా చేత్తో తుడుచుకుంటూనే నోట్సు రాస్తున్నాడు. వెనక నలుగురైదుగురు గోడకు ఆనుకోకుండా నిలబడి ఉన్నారు. కూర్చుంటే తూగుతున్నారని ఇన్‌చార్జి నిలబెట్టాడట. "మెలటోనిన్‌ను స్రవించే గ్రంథి ఏది?" అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "పీనియల్ గ్రంథి" అంది. అది ఏం చేస్తుందన్నాను. "నిద్ర, మెలకువల లయను నియంత్రిస్తుంది సార్." అందరికంటే ముందు చెప్పింది ఆ అమృతాంజనం పిల్లాడే. నీట్‌లో ఆ బిట్టుకు నాలుగు మార్కులు.

ఆ బిట్టులో లేనిది మాత్రం ఒకటుంది. చిన్నపిల్లలకు చీకటి పడ్డ కాసేపటికే మెలటోనిన్ ఊరడం మొదలవుతుంది, ఎనిమిది తొమ్మిదికల్లా ఒళ్లో వాలిపోతారు. యుక్తవయసు వచ్చేసరికి ఆ వేళ గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యమవుతుంది. రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది, పొద్దున ఆలస్యంగా తగ్గుతుంది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన మేరీ కార్స్‌కాడన్ ఈ జాప్యానికీ శరీరం ఎదుగుదలకూ సంబంధం ఉందని 1990ల్లోనే చూపించారు. అప్పటికి పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. మీ హాస్టళ్లలో ఇప్పటికీ లేవు కదా, అయినా లైట్లు తీశాక ఎంతమంది వెంటనే నిద్రపోతున్నారో రాత్రి డ్యూటీలో ఉండే వార్డెన్‌ను అడగండి. పదిహేనేళ్ల పిల్లాడికి తెల్లవారుజామున నాలుగున్నర అంటే అర్ధరాత్రే. వాణ్ణి లేపడానికి దుప్పటి లాగుతున్న ఇన్‌చార్జి బద్ధకం వదిలిస్తున్నాననుకుంటాడు, పాపం అతనిదీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ప్రాణమే, అతనికీ నిద్ర చాలడం లేదు.

13 నుంచి 18 ఏళ్ల వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మీ టైమ్‌టేబుల్లో పదకొండుకు లైట్లు ఆరితే నాలుగున్నరకు బెల్లు. అంటే కాగితం మీదే ఐదున్నర గంటలు. అందులో దొర్లే సమయం పోను మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే వంటపడుతుందని మన పెద్దలు ఊరికే అన్నారా అని మీలో ఒకాయన నన్ను అడిగారు. ఊరికే అనలేదు. కరెంటు లేని పల్లెలో ఏడింటికి సంగటి తిని ఎనిమిదింటికి నులకమంచం ఎక్కినవాడు నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటలు నిద్రపోయినట్టే. మీరూ పిల్లల్ని ఎనిమిదింటికి పడుకోబెడతానంటే నాలుగున్నర బెల్లు గురించి నేను మాట్లాడను. పెద్దవాళ్ల పద్ధతిలో మనకు గిట్టుబాటయ్యే సగం మాత్రం తీసుకుని, దానికి శాస్త్రం పేరు పెడితే ఎట్లా?

అయినా ఆ వేళకు అసలు కారణం ముహూర్తం కాదని మీకూ నాకూ తెలుసు. బాత్‌రూమ్‌లు. ఒక్కో ఫ్లోరులో ఎంతమంది పిల్లలున్నారు, ఎన్ని బాత్‌రూమ్‌లున్నాయి, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పడుతుంది, ఈ మూడూ పెట్టుకుని పొద్దుటి స్టడీ అవర్ నుంచి వెనక్కి లెక్కేస్తే నాలుగున్నర వచ్చింది. అపార్ట్‌మెంట్ కోసం కట్టిన బిల్డింగును లీజుకు తీసుకుని హాస్టల్ చేస్తే ఇట్లాగే ఉంటుంది. బకెట్టు పట్టుకుని క్యూలో నిలబడే నిద్రపోయే పిల్లల్ని నేను చూశాను. స్నానాలు కొందరికి పొద్దున, కొందరికి సాయంత్రం ఆటల తర్వాత పెట్టండి. మన నెల్లూరు ఎండలకు సాయంత్రం స్నానమే సుఖం. మీ టైమ్‌టేబుల్లో ఆటలకు సమయం ఉంటే.

ఇక ఒళ్లు సంగతి. మీ దగ్గరకు వచ్చేటప్పటికి పిల్లలకు పదిహేను, వెళ్లేటప్పటికి పదిహేడు. ఆడపిల్లలు అప్పటికే చాలావరకు ఎదిగేసి ఉంటారు, మగపిల్లలు సుమారు రెండేళ్లు వెనక నడుస్తారు కనుక ఇంకా పొడవు సాగుతూనే ఉంటారు. జూన్‌లో కుట్టించిన యూనిఫాం ప్యాంటు సంక్రాంతికి చీలమండ పైకి వెళ్లడం మీరు చూస్తూనే ఉంటారు. ఆ ఎదుగుదలకు కావలసిన హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. అసలు యుక్తవయసు మొదలయ్యేదే రాత్రిపూట. మెదడులో హైపోథాలమస్ ఇచ్చే సంకేతంతో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోనును మొదట్లో నిద్రలోనే ఎక్కువగా వదులుతుంది. ఈ అక్షరాలన్నీ మీ బిట్ బ్యాంకులో ఉన్నాయి.

ఆ రివిజన్ రోజుల్లోనే ఒక పిల్లాడు క్లాసయ్యాక కుళాయి దగ్గర నన్ను ఆపాడు. "సార్, ఒకటి అడగొచ్చా" అని చాలాసేపు నసిగాడు. వాడి బాధ ఏమిటంటే నిద్రలో వీర్యం పోతోందట, అందువల్లే ఎప్పుడూ నీరసంగా, తల తిరుగుతున్నట్టు ఉంటోందట. రైలు పట్టాల పక్క గోడల మీద 'బలహీనత' అని రాసి ఫోన్ నంబర్ ఇచ్చే డాక్టర్ దగ్గరకు వెళ్లాలా అని అడిగాడు. డబ్బు కూడా దాచుకుంటున్నాడు. ఆ వయసులో మగపిల్లలకు అది మామూలేననీ, దానివల్ల బలం పోవడం ఉండదనీ చెప్పాను. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు అని అడిగాను. పదకొండున్నర, ఒక్కోసారి పన్నెండు అన్నాడు. నీ నీరసం అక్కడుంది నాయనా అన్నాను. ముందు నమ్మలేదు. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే పదికి పది తెచ్చుకునే పిల్లాడు వాడు. కొందరు మగపిల్లలకు ఈ వయసులో రొమ్ము కాస్త ఉబ్బి, కొన్నాళ్లకు అదే తగ్గిపోతుంది. స్నానాల క్యూలో చొక్కా విప్పడానికి సిగ్గుపడి వెనక్కి వెనక్కి జరిగే పిల్లాణ్ణి మీ వార్డెన్ 'సోమరి' లిస్టులో రాసుకుంటాడు.

ఆడపిల్లల హాస్టళ్ల సంగతి మీ మేట్రన్‌లకు నాకంటే బాగా తెలుసు. దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ప్రభుత్వ బళ్లలో వారానికో ఐరన్ మాత్ర ఇచ్చే ఏర్పాటుంది. మీ దగ్గర? రక్తం తక్కువున్న పిల్ల, నెలసరి రోజుల్లో, నాలుగున్నరకు లేచి ఎనిమిదింటి దాకా ఏమీ తినకుండా చదివితే కళ్లు తిరిగి పడిపోవడంలో ఆశ్చర్యమేముంది? దానికి 'ఎగ్జామ్ టెన్షన్' అని పేరు పెట్టి ఓఆర్ఎస్ పట్టించి పంపిస్తున్నారు.

మెదడు దగ్గరికి వద్దాం, మీరు అమ్ముతున్నది దాన్నే కాబట్టి. పగలు చదివింది తలలో నిలబడాలంటే రాత్రి నిద్ర కావాలి. తాత్కాలికంగా ఒకచోట దాచుకున్న విషయాన్ని మెదడు పైపొరల్లోకి సర్దుకునే పని నిద్రలోనే ఎక్కువగా జరుగుతుంది. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో, కలలొచ్చే నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ. నాలుగున్నర బెల్లు ఈ రెండో దాన్ని సగంలో తెంచేస్తుంది. పొద్దున మీరు కలిపిన రెండు గంటల చదువు కోసం నిన్నటి పన్నెండు గంటల చదువును పాడుచేస్తున్నారు. వ్యాపారంగా చూసినా ఇది నష్టమే.

ఈ వయసులో కోపం, భయం, ఉత్సాహం పుట్టించే మెదడు లోపలి భాగాలు ముందే పదునెక్కుతాయి. ఒక్క నిమిషం ఆగు, ఆలోచించు అని చెప్పే ముందుభాగం పాతికేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. నిద్ర లేకపోతే ఆ ముందుభాగం పట్టు ఇంకా సడలుతుంది. అప్పుడు స్లిప్ టెస్టులో తగ్గిన పన్నెండు మార్కులు పిల్లాడికి పన్నెండు మార్కుల్లా కనిపించవు.

దీనికి తోడు మీ సెక్షన్లు. వారం వారం పరీక్ష, పరీక్ష పరీక్షకూ ర్యాంకులు, ర్యాంకును బట్టి పై సెక్షనూ కింది సెక్షనూ. మనిషి జీవితంలో తోటివాళ్ల చూపుకు అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చే వయసు ఇదే. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద కారు నడిపే ఆట పెట్టి చూశారు. పక్కన స్నేహితులుంటే 13–16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే బాగా ఎక్కువ రిస్కు తీసుకున్నారు, పెద్దవాళ్లలో పెద్ద తేడా రాలేదు. అంతగా తోటివాళ్ల మీద ఆధారపడ్డ పిల్లాణ్ణి, వాడికి దొరికిన ఒక్క స్నేహితుడి పక్క నుంచి లేపి, పుస్తకాల సంచి చేతికిచ్చి, అందరూ చూస్తుండగా కింది సెక్షన్‌కు నడిపిస్తాం. వాడు మళ్లీ పైకి రావడానికి ఏం చేస్తాడు? దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని ఒంటిగంట దాకా చదువుతాడు. మీ లైట్లార్పే టైమ్ పదిన్నరకు మార్చినా ఈ ర్యాంకుల బోర్డు ఉన్నంతకాలం వాడికి నిద్ర ఉండదు. అందుకే రెండూ కలిపే అడుగుతున్నాను.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే అనుకోకండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉండగా చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, అందరి ముందూ అవమానించొద్దని అందులో ఉంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని ఉంది. కేసు పుట్టింది మన రాష్ట్రంలోనే, మనమే ముందు పాటించి ఉండాల్సింది. కొన్నిచోట్ల ఫిజిక్స్ లెక్చరర్‌కే 'కౌన్సెలర్' అని బోర్డు తగిలించారు. కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416 అయినా ప్రతి ఫ్లోరులో, ర్యాంకుల బోర్డు ఉన్న చోట, అంత పెద్ద అక్షరాలతో పెట్టండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. పిల్లాడు అక్కడికి ఫోన్ చేస్తానంటే ఫోన్ ఇవ్వమని వార్డెన్‌కు చెప్పండి.

ఔటింగ్ ఆదివారం మీ గేటు ముందు ఎప్పుడైనా నిలబడ్డారా? ఒకసారి వింజమూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లీతండ్రిని వేపచెట్టు కింద చూశాను. నాటుకోడి పులుసు, గారెలు, పచ్చడి సీసా తెచ్చారు. "ఎట్టుండావు నాయనా, చిక్కిపోయావే" అంటూ ఆ తల్లి కలిపి పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ఐదో ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. తల్లి ఒడిలో ఒరిగి గంటన్నర నిద్రపోయాడు. ఆమె కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. తండ్రి గడియారం చూసుకుంటున్నాడు, మళ్లీ ఊరి బస్సు అందుకోవాలి. టైమ్ అయిందని వాచ్‌మన్ అరిస్తే పిల్లాణ్ణి లేపారు. "ఏం చదువుతున్నావు, ఎవరితో ఉంటున్నావు, భయమేమన్నా ఉందా" అని అడుగుదామని అంతదూరం వచ్చినవాళ్లు ఏమీ అడగకుండానే బస్సెక్కారు. ఎదిగే పిల్లలకు పెద్దవాళ్లతో మాట్లాడుకునే నెలకో పూట కూడా నిద్రబాకీ తీర్చుకోవడానికే పోతోంది.

హాస్టళ్లే వద్దనేవాళ్ల జాబితాలో నన్ను కలపకండి. కనిగిరి, పామూరు, ఉదయగిరి మెట్ట ఊళ్లలో తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగుళూరుకో పనికి పోతే పిల్లలకు మీ హాస్టలే ఇల్లు. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి పైగా మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ కట్టిన మరుసటి ఏడాదే సంబంధాలు మొదలయ్యే ఊళ్లలో, "నెల్లూరులో చదువుతోంది" అన్న ఒక్క మాట ఎంతమంది ఆడపిల్లల పెళ్లిని వాయిదా వేయించిందో నాకు తెలుసు. ఆ మంచి మీ ఖాతాలోనే వేస్తాను.

తల్లిదండ్రులు ఒప్పుకోరన్నది మీ ఆఖరి మాట. జూన్‌లో అడ్మిషన్ కౌంటర్ దగ్గర "మీ దగ్గర ఎన్నింటికి లేపుతారు?" అని వాళ్లే అడుగుతారు, నిజమే. ఆ ప్రశ్న అడగడం వాళ్లకు నేర్పింది మీ కరపత్రాలే. ఈసారి వాళ్లకు ఇంకొకటి చెప్పి చూడండి. నీట్ జరిగేది మధ్యాహ్నం 2 గంటలకు. జేఈఈ మెయిన్ పొద్దున 9కి, మధ్యాహ్నం 3కి. ఇంటర్ పబ్లిక్ పరీక్ష 9కి. తెల్లవారుజామున ఐదింటికి పెట్టే ఎంట్రన్స్ ఈ దేశంలో ఒక్కటీ లేదు. నాలుగున్నరకు లేవడం అలవాటైన పిల్లాడు సరిగ్గా మధ్యాహ్నం రెండింటికే తూగుతాడు. మీ మధ్యాహ్నం క్లాసుల్లోకి ఒకసారి తొంగిచూస్తే తెలుస్తుంది.

ఆలస్యంగా లేపితే ఆలస్యంగా పడుకుంటారన్న అనుమానమూ కొత్తది కాదు. 2016లో అమెరికాలోని సియాటిల్ నగరం హైస్కూళ్ల వేళను పొద్దున 7.50 నుంచి 8.45కి మార్చినప్పుడు అక్కడివాళ్లూ ఇదే భయపడ్డారు. పిల్లల చేతికి పరికరాలు కట్టి కొలిస్తే, సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారని తేలింది. కాలిఫోర్నియాలో హైస్కూళ్లు 8.30కి ముందు మొదలుపెట్టకూడదని చట్టమే చేశారు, 2022 జులై నుంచి అమల్లో ఉంది. నేను చదువును ఎనిమిదిన్నర దాకా ఆపమని అడగడం లేదు.

ఆరున్నరకు బెల్లు, ఏడుంపావు నుంచి ఎనిమిది దాకా చదువు, టిఫిన్, ఎనిమిది నలభైకి క్లాసు. రాత్రి ఎనిమిదికల్లా భోజనం, పదింటి దాకా చదువు, పదిన్నరకు చీకటి. వంటవాళ్ల షిఫ్టు ఒక గంట జరుగుతుంది, వాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు. ఇంటర్ బోర్డు జిల్లా అధికారులు మిమ్మల్నందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒకే వేళ ఒప్పిస్తే పక్క కాలేజీవాడి భయమూ ఉండదు. వాళ్లకు విడిగా ఒక అర్జీ పెట్టుకుంటున్నాను.

అంతవరకు ఆగలేనివాళ్లు, లేక ముందుగా ఒప్పుకోలేనివాళ్లు ఒక పని చేయండి. సంక్రాంతి సెలవుల నుంచి పిల్లలు తిరిగి వచ్చాక ఫస్టియర్‌లో ఒక్క బ్లాకుకు ఈ వేళలు పెట్టండి, పక్క బ్లాకును పాత పద్ధతిలోనే ఉంచండి. స్లిప్ టెస్టు మార్కులు, సిక్ రూమ్ రిజిస్టరు రెండూ మీ దగ్గరే ఉంటాయి. పబ్లిక్ పరీక్షలయ్యాక ఆ రెండు బ్లాకుల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ బ్లాకుకు సాయంత్రాలు జువాలజీ నేనే వచ్చి చెబుతాను, ఫీజు అక్కర్లేదు. పిల్లలు రాత్రి ఎన్నింటికి పడుకున్నారో రాసే పుస్తకం ఒకటి మాత్రం నాకు చూపించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్
వేదాయపాళెం, నెల్లూరు